మీది ఏ ఊరండీ?

మన తెలుగువాళ్లకు కొత్త మనిషి కనబడితే నోట వచ్చే మొదటి మాట "మీది ఏ ఊరండీ?" అని. రైలుపెట్టెలో అయినా, పెళ్లిపందిట్లో అయినా, ఆస్పత్రి వరండాలో అయినా ఇదే మాట. ఊరు చెప్పగానే "అక్కడ ఫలానావారు మీకేమవుతారు?" అని రెండోది. ఆపైన ఇంటిపేరు. మూడు ప్రశ్నలూ అయ్యేసరికి ఎదుటివాడి కులమూ, కలిమీ మనకు చూచాయగా తెలిసిపోతాయి. తెలియకపోతే తెలిసేదాకా నాలుగోదీ, అయిదోదీ వస్తాయి. ఇందులో దురుద్దేశమేమీ లేదు, కలుపుగోలుతనమే అంటాం. అడిగేవాళ్లకు అది కలుపుగోలుతనమే. అడిగించుకునేవాళ్ల సంగతి వేరు.

ఈ ప్రశ్నను ఈ మధ్య నేను ఎక్కువగా వింటున్నది గుడిలో. గుడి అంటే మా గుడి, క్రైస్తవుల ఆరాధనమందిరం. పల్లెల్లో మావాళ్లు దాన్ని గుడి అనే అంటారు. పట్నం చేరాక 'చర్చి' అయింది. మాది హైటెక్ సిటీని ఆనుకుని వున్న సంఘం. 1998 నవంబరులో అప్పటి ప్రధాని వాజపేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించేనాటికి ఈ చుట్టుపక్కల బండరాళ్లే ఎక్కువ, ఇళ్లు తక్కువ. తరువాత కథ మీకు తెలిసిందే. 2019లో మెట్రో రైలు మార్చిలో హైటెక్ సిటీ దాకా, నవంబరులో రాయదుర్గం దాకా వచ్చింది. రైలు రాకముందే జనం వచ్చారు.

ఇక్కడ ఒక తమాషా వుంది. అబిడ్స్‌లోనో సికింద్రాబాదులోనో పాత గుళ్లకు వెళితే తాతముత్తాతల నాటి కుటుంబాలున్నాయి. వాళ్లు కొత్తవాళ్లను కొత్తవాళ్లంటే అర్థం వుంది. మా ప్రాంతంలో పాతకాపులెవరండీ? అందరం బస్సు దిగినవాళ్లమే. మా సంఘంలో అందరికన్న ముందు వచ్చిన కుటుంబం 2001లో వచ్చింది. అయినా పదేళ్లు ముందు వచ్చినవాడు పది తరాల ముందు వచ్చినవాడిలా ముందు బెంచీలో కూచుంటాడు. ఆ బెంచీకి ఆయన పేరు రాసి లేదు గాని, తెలియక ఎవరైనా కూచుంటే పక్కవాళ్లు దగ్గుతారు.

వచ్చేవాళ్లు ఎన్ని రకాలో చూడండి. మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్ హాస్టళ్లలో గదికి ముగ్గురు చొప్పున వుండే కుర్రాళ్లూ, అమ్మాయిలూ ఒక రకం. అమెరికావాళ్ల పగలు వీళ్లకు రాత్రి కనుక, ఆదివారం పొద్దున ఆరాధనలో సగం నిద్ర. బదిలీమీద వచ్చే సంసారులు ఇంకొక రకం. మనవలను చూసుకోవడానికి ఊరు విడిచి వచ్చే తాతలూ, అమ్మమ్మలూ మరొకరు. కేరళనుంచి వచ్చినవాళ్లు మొదటినుంచీ వున్నారు. సిరో మలబారు కతోలికుల కోసం 2017 అక్టోబరులో శంషాబాదు పేరుమీద ప్రత్యేక మేత్రాసనమే ఏర్పడింది. ఇంకొక రకంవాళ్లను ఎవరూ లెక్కపెట్టరు. వాళ్లు ఈ మేడలు కట్టేవాళ్లు. జార్ఖండులో ఓరావ్, ముండా, ఖడియా తెగలవారిలో తరతరాలుగా క్రైస్తవులున్నారు. జర్మను మిషనరీలు రాంచీ చేరింది 1845లో. కరోనా రోజుల్లో, 2020 మే 1న, దేశంలో మొదటి శ్రామిక రైలు బయలుదేరింది మా పక్కనున్న లింగంపల్లి స్టేషనునుంచే. సుమారు 1,200 మంది కూలీలతో హటియాకు వెళ్లింది. అందులో ఎందరు ఆదివారాలు ఏ గుడి వెనకబెంచీలో కూచునేవారో ఏ పుస్తకంలోనూ లేదు.

ఇక స్వాగతం సంగతి. పాస్టరుగారు ఆరాధన మధ్యలో "ఈ రోజు మొదటిసారి వచ్చినవారు దయచేసి లేచి నిలబడండి" అంటారు. పాపం, వాళ్లు లేస్తారు. పేరూ, ఊరూ చెబుతారు. అందరూ చప్పట్లు కొడతారు. ఒక కార్డు, ఒక కలం, రెండు చాక్లెట్లు ఇస్తారు. ఈ లాంఛనం చాలా గుళ్లలో వుంది, మంచిదే. కాని ఇది వుందని తెలిసిన కుర్రాళ్లు లేచి నిలబడే గడియ దాటించుకుని పది నిమిషాలు ఆలస్యంగా వస్తారని పెద్దలకు తెలియదు. ఆరాధన అయ్యాక ఆవరణలో టీ. అక్కడ చూడాలి. ఒంగోలువాళ్లు ఒక గుంపు, గోదావరి జిల్లాలవాళ్లు ఒక గుంపు, వరంగల్లువాళ్లు ఒక గుంపు. గుంపుల మధ్య ప్లాస్టిక్ కప్పు పట్టుకుని, సెల్‌ఫోనులో ఏదో ముఖ్యమైన పని వున్నట్టు చూసుకుంటూ నిలబడ్డవాడే కొత్తవాడు. ఇంతకుముందు చప్పట్లు కొట్టింది వీడికే.

తెలుగు తెలిసిన పిల్లలు ఇంగ్లీషు ఆరాధనకు ఎందుకు వెళుతున్నారని పెద్దలు నన్ను అడుగుతూ వుంటారు. తెలుగు పాఠం చెప్పేవాళ్లం కనుక దీనికి కూడా మేమే జవాబుదారీ అన్నమాట. నాకు తోచిన జవాబు ఒకటే: ఇంగ్లీషులో ఇంటిపేరు అడగడం అంత సులువు కాదు.

హఫీజ్‌పేటలో కల్వరి టెంపుల్ వున్నది. 2012లో ఆ మందిరాన్ని 52 రోజులలో కట్టారని ప్రసిద్ధి. ఆదివారం అక్కడికి వేలకు వేలమంది వస్తారు. మా సంఘంలో కొందరు "అంత జనంలో మనిషికీ మనిషికీ పరిచయం ఎక్కడిది?" అని పెదవి విరుస్తారు. ఆ మాట నిజమే కావచ్చు. కాని వేలమందిలో ఒకడిగా కూచోవడంలో ఒక ఊరట కూడా వుందని, ఊళ్లో చిన్న గుడిలో చిన్నతనంనుంచీ ఫలానావారి పిల్లవాడిగా కూచున్నవాడిని అడిగితే చెబుతాడు. తనను ఎవరూ ఏమీ అడగకపోవడం కొందరికి మొదటి మర్యాద.

మా మతంలో కొత్తవాళ్ల విషయం మొదటినుంచీ వున్నదే. రోమా సంఘానికి పౌలు రాసిన పత్రిక చివర ఫీబే అనే ఆమెను పరిచయం చేస్తూ, ఈమెను చేర్చుకోండి, ఈమెకు ఏ అవసరం వచ్చినా సాయపడండి అని కోరతాడు. నేటికీ ఒక సంఘంనుంచి ఇంకొక సంఘానికి వెళ్లేవాళ్లు తెచ్చుకునే బదిలీ పత్రానికి ఆ నాలుగు ముక్కలే మూలపురుషుడు. పౌలు ఉత్తరానికీ మన పత్రానికీ భేదమల్లా ఒకటే. అక్కడ ఉత్తరం రాసినవాడు, చేర్చుకునేవాళ్లు ఏం చెయ్యాలో చెప్పాడు. ఇక్కడ పత్రం తెచ్చినవాడు, తాను చందా బాకీ లేనని రుజువు చేసుకుంటాడు.

పత్రం తేలేనివాళ్ల సంగతి చెప్పాలి. 1950లో వచ్చిన షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ప్రకారం ఆ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ దాన్ని విస్తరించారు. క్రైస్తవులకు లేదు. మన రెండు రాష్ట్రాలలో క్రైస్తవం పుచ్చుకున్న దళితులను వెనుకబడిన తరగతుల 'సి' విభాగంలో వేసి 1 శాతం ఇచ్చారు. ఈ లెక్కలు మీకు విసుగనిపించవచ్చు గాని, సంఘం పుస్తకం ముందు పెట్టి "ఇక్కడ పేరు రాయి నాయనా" అన్నప్పుడు ఒక కుర్రాడి కలం ఎందుకు ఆగిపోతుందో దీనివల్లనే తెలుస్తుంది. వాడి చదువూ, చెల్లెలి చదువూ ఒక సర్టిఫికెట్టుమీద వున్నాయి. ఆ సర్టిఫికెట్టులో ఒక మతం, ఈ పుస్తకంలో ఒక మతం. ఇలాంటివాళ్లను మా పెద్దల్లో కొందరు "చాటు శిష్యులు" అని ఎగతాళి చేస్తారు. నీకొదేము కూడా రాత్రివేళ చాటుగానే వచ్చాడు. క్రీస్తు అతన్ని పగలు రమ్మని పంపివెయ్యలేదు. చట్టం మంచిచెడ్డలు చట్టసభలూ, న్యాయస్థానాలూ చూసుకుంటాయి. కుర్రవాడికి ఆదివారం ఒక కప్పు టీ ఇవ్వడానికి పుస్తకంలో సంతకం అక్కర్లేదని మాత్రం నా అభిప్రాయం.

ఇంతవరకూ చెప్పినవి మామూలు ఇబ్బందులు. కిందటి సంవత్సరం మా సంఘంలో జరిగింది చెబుతాను.

బాపట్ల ప్రాంతంనుంచి ఒక పెద్దాయన కొడుకు దగ్గరికి వచ్చారు. ఎలిమెంటరీ స్కూలు మేస్టారు, రిటైరైనవారు. కొడుక్కి రాత్రి డ్యూటీ, కోడలికి పగటి డ్యూటీ. పద్నాలుగో అంతస్తు ఇంట్లో ఆయన పగలంతా కిటికీలోంచి క్రేన్లను చూస్తూ కూచునేవారట. ఆదివారం మాత్రం ఉతికిన పంచె కట్టుకుని ఒక్కరే నడిచి వచ్చేవారు. ఎడమవైపు వరసలో ఫ్యాను కింద కూచునేవారు. కీర్తన ఎత్తుకుంటే పుస్తకం తెరవరు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు ఎన్ని చరణాలుంటే అన్ని చరణాలూ ఆయనకు కంఠస్థం. మనమంతా రెండో చరణంతో ఆపుదామనుకుంటే ఆయన గొంతు మూడో చరణంలోకి వెళ్లిపోయేది.

మొదటి ఆదివారం ఒక సంఘపెద్ద ఆయన్ను పలకరించారు. "మీది ఏ ఊరండీ?" చెప్పారు. "ఇంటిపేరు?" చెప్పారు. "ఓహో" అన్నారు ఈయన. ఆ 'ఓహో' తరువాత మాట పెరగలేదు. టీ చల్లారిపోతుందన్నట్టు ఈయన అటు వెళ్లిపోయారు. నేను పక్కనే వున్నాను కనుక చెబుతున్నాను. తెలుగులో 'ఓహో' అనే అవ్యయానికి ఎన్ని అర్థాలున్నాయో నిఘంటువుల్లో చూస్తే దొరకవు.

ఆ పెద్దాయన పదకొండు ఆదివారాలు వచ్చారు. పన్నెండో వారం మధ్యలో, ఒక బుధవారం తెల్లవారుజామున, నిద్రలోనే పోయారు. కొడుకు గుడికి ఫోను చేశాడు. సమాధుల తోటలో చోటు కావాలని. కార్యదర్శిగారు మర్యాదగానే అడిగారట: "సభ్యత్వం నంబరు ఎంతండీ?" నంబరు లేదు. సంవత్సరంపాటు చందా కట్టిన సభ్యులకే చోటు అని మా నిబంధన. ఆ నిబంధన చెడ్డదని నేను అనను. ఈ నగరంలో సమాధికి ఆరడుగుల నేల దొరకడం ఎంత కష్టమో ఇళ్లు కట్టుకున్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. సడలిస్తే రేపు ఎవరెవరో వస్తారు. కమిటీ సభ్యులు ఒకరికొకరు ఫోన్లు చేసుకున్నారు. సాయంత్రానికి "ప్రత్యేక సందర్భంగా పరిగణించవచ్చు" అనే దాకా వచ్చారు. ఈలోగా కొడుకు అంబులెన్సు మాట్లాడి తండ్రిని స్వగ్రామం తీసుకుపోయాడు. మూడువందల కిలోమీటర్లు. అర్ధరాత్రి దాటినా ఊరి సంఘమంతా లాంతర్లూ, టార్చిలైట్లూ పట్టుకుని రోడ్డు మీదకు వచ్చి నిలబడిందని తరువాత విన్నాం.

అపార్ట్‌మెంటు గేటు దగ్గరికి మా సంఘంనుంచి వెళ్లినవాళ్లు ఇద్దరు. ఒకరు పాస్టరుగారు. రెండోవాడు గుడి వాచ్‌మన్. ప్రార్థన చెయ్యబోతూ పాస్టరుగారు మెల్లిగా, "పెద్దాయన పేరేమిటయ్యా?" అని అడిగితే చెప్పింది వాచ్‌మనే. పదకొండు ఆదివారాలూ ఇద్దరూ చెప్పుల స్టాండు దగ్గర కూచుని టీ తాగేవారట. వాచ్‌మన్ కూతురికి ఎక్కాలు రావడం లేదంటే మేస్టారు చెబుతూ వుండేవారట కూడా.

ఇలాంటి చోట మనవాళ్లు "పట్నం మనుషుల్ని పాడుచేసింది" అంటారు. నేను ఒప్పుకోను. ఈ 'ఓహో' పట్నంలో పుట్టింది కాదు. 1866లో ఒంగోలు చేరిన అమెరికను బాప్తిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ దొరగారి దగ్గరికి పై కులాలవాళ్లు కొందరు వచ్చి, మేము వింటాం గాని మాదిగవాళ్లను చేర్చుకుంటే మాత్రం రామని చెప్పారు. అప్పటికే ఎర్రగుంట్ల పేరయ్యగారి వెంట మాదిగపల్లెలు కదులుతున్నాయి. దొరగారికి ఏం చెయ్యాలో తోచలేదు. భార్యాభర్తలు వేరువేరుగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే చోటు, కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో దేవుడు ఎన్నుకున్నది గొప్పవాళ్లను కాదనే భాగం, కనబడిందని ఆయన స్వీయచరిత్రలో వున్నది. పై కులాలవాళ్లు వెళ్లిపోయారు. 1878 జూలై 3న ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆనాడు గుమ్మం బయట నిలబడ్డవాళ్ల మునిమనవలే ఈనాడు మా కమిటీల్లో చాలామంది. వాళ్లలో మళ్లీ మాల ఎవరు, మాదిగ ఎవరు, ముందు మారినవారెవరు, వెనక మారినవారెవరు అనే ఆరాలు సాగుతూనే వున్నాయి. గుమ్మం లోపలికి రాగానే ప్రతివాడూ గుమ్మానికి కాపలాదారు అవుతాడు కాబోలు.

తిరునల్వేలి ప్రాంతంలో పుట్టి, 1909లో దోర్నకల్లు వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పయిన అజరయ్యగారు కూడా మన దగ్గరికి వచ్చిన కొత్తవారే. 1910లో ఎడింబరోలో జరిగిన మిషనరీల మహాసభలో ఆయన తెల్లవారి మధ్య నిలబడి ఒక మాట అడిగారు. మీరు మాకోసం ధనమిచ్చారు, ప్రాణాలిచ్చారు. మాకు స్నేహం కూడా కావాలి అని దాని సారాంశం. ఆ మాట చాలామందికి రుచించలేదు. ఒకే సంఘంలో, ఒకే పనిలో వుండి కూడా ఒకరింట ఒకరు కూచుని మాట్లాడుకోని స్థితి ఆయన చూసినది. నూటపదేళ్ల పైబడి గడిచాయి. తెల్లదొరలు వెళ్లిపోయారు. చాక్లెట్లూ, కార్డూ ఇస్తున్నాం. స్నేహం మాట ఇంకా అక్కడే వుంది.

భోజనం విషయంలో నగరానికే ఒక పాఠం వుంది. సిక్కు కుటుంబంలో పుట్టిన భక్తసింగ్‌గారు 1950లో హైదరాబాదు గోల్కొండ చౌరస్తా దగ్గర హెబ్రోను సహవాసం నెలకొల్పారు. ఆ సంఘాలలో ఆదివారం ఆరాధన తరువాత అందరూ కలిసి కూచుని తింటారు. ప్రేమవిందు అంటారు. అన్నం, పప్పు లేకపోతే సాంబారు, అంతే. పక్కన ఎవరు కూచున్నారో వాళ్లకు వడ్డించవలసిందే. వాళ్ల సిద్ధాంతాలన్నీ నాకు నచ్చుతాయని కాదు. ఆ పప్పన్నం మాత్రం నచ్చింది.

మేస్టారు పోయిన తరువాత మా సంఘంలో నెలకొక ఆదివారం భోజనం మొదలుపెట్టారు. మొదటి నెల క్యాటరింగు చెప్పారు. తలకొక ప్యాకెట్టు. అందరూ ప్యాకెట్లు పట్టుకుని ఎవరి కార్లలోకి వాళ్లు వెళ్లిపోయారు. రెండోనెల పాస్టరమ్మగారు ఇదేం భోజనమని, గాడిపొయ్యి తవ్వించి అక్కడే వండించారు. వంటకు మనుషులు చాలకపోతే వెనకబెంచీలో కూచునే జార్ఖండు ఆడవాళ్లు నలుగురు, ఎవరూ పిలవకుండానే, కొంగు బిగించి కూరగాయల దగ్గర కూచున్నారు. వాళ్లకు తెలుగు రాదు, మావాళ్లకు సాద్రీ రాదు, హిందీ ఇద్దరికీ అంతంతమాత్రమే. అయినా వంకాయ ఎంత ముక్క కొయ్యాలనే దాని మీద అరగంట సేపు వాదన జరిగింది. అప్పటిదాకా రెండేళ్లుగా వాళ్లు మా గుడికి వస్తున్నారు. వాళ్లలో ఒకామె పేరు మా మహిళా సమాజం కార్యదర్శినికి తెలిసింది ఆ రోజే.

ఇది మీ ఇంటి సంగతి కాదనుకోకండి. మీ అపార్ట్‌మెంటు వినాయకచవితి పందిట్లోనూ, బతుకమ్మ ఆటలోనూ ఫోను చూసుకుంటూ నిలబడ్డ మనిషి ఒకరుంటారు.

మొన్న సంఘ సర్వసభ్య సమావేశంలో సమాధుల తోట నిబంధన చర్చకు వచ్చింది. ఆరు నెలలుగా ఆరాధనకు వస్తున్నట్టు ఇద్దరు సభ్యులు చెబితే చాలునని సవరణ ప్రతిపాదించారు. వాదోపవాదాలయ్యాయి. ఆరు నెలలైతే మేస్టారికి ఇప్పుడూ చోటు వుండదని ఒక అమ్మాయి లేచి అన్నది. హాస్టలులో వుండే పిల్ల, పోయిన సంవత్సరమే చేరింది. హాలు కాసేపు మాట్లాడలేదు. చివరికి నెలల లెక్క ఎత్తివేసి, ఆ ప్రాంతపు పెద్ద సిఫారసు చేస్తే చాలునని తీర్మానమయింది. ఆ ఊపులోనే నేనూ ఒక చిన్న మనవి చేశాను: కొత్తవాళ్లు నింపే ఫారంలో ఇంటిపేరు, స్వగ్రామం, పూర్వ సంఘం అనే గడులు కొట్టివేసి, 'ఇక్కడ ఎక్కడ వుంటున్నారు, ఏ వేళ ఖాళీగా వుంటారు, ఏం చెయ్యడం ఇష్టం' అని వేయిద్దామని. బదిలీ పత్రం వున్నవాళ్లు దాన్ని ఎలాగూ జతపరుస్తారు గదా అన్నాను. పాస్టరుగారు తల వూపారు. ఎవరూ కాదనలేదు. కోశాధికారిగారు మాత్రం లేచి, పాత ఫారాలు ఇంకా మూడువందల పైచిలుకు మిగిలివున్నాయనీ, అవి అయిపోయాక చూద్దామనీ అన్నారు.